లిమింగ్టన్‌లో నాన్నకు కనిపించిన ఉప్పు మడులు

అమ్మ పోయాక నాన్నను ఆరు నెలల వీసా మీద రెడింగ్‌కు తీసుకొచ్చాను. లండన్ ఐ, టవర్ బ్రిడ్జి అన్నీ చూపించాం. ‘బాగుంది’ అనేవారు, అంతే. రోజంతా కిటికీ దగ్గరే కూర్చునేవారు. మే నెలలో ఒక శనివారం, పిల్లలు తెరచాప పడవలు చూస్తామంటే లిమింగ్టన్ బయల్దేరాం.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, న్యూ ఫారెస్ట్ అంచున ఉన్న చిన్న ఊరు ఇది. రేవు నిండా పడవలు, ఎదురుగా ఐల్ ఆఫ్ వైట్. రేవు దగ్గర నుంచి కీహేవన్ దాకా సముద్రపు కట్ట మీద సుమారు 5 మైళ్ల కాలిబాట ఉంది. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి పెద్దవాళ్లు కూడా నిదానంగా నడవొచ్చు.

కట్ట మీద కొంతదూరం వెళ్లాక నాన్న ఆగిపోయారు. లోపలివైపు చదరపు గుంటలు, వాటి మధ్య సన్నటి గట్లు.

“ఒరే, ఇవి ఉప్పు మడులు కాదేటి?”

మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ. నాన్న ముప్పై ఏళ్లు ఉప్పు మడుల్లోనే పనిచేశారు. వేలు ముంచి నీళ్లు రుచి చూశారు. “ఈ ఎండకి ఉప్పు కట్టదు. పొయ్యి మీద మరిగించుంటారు” అన్నారు. ఫోన్‌లో వెతికితే అక్షరాలా అదే! ఎండలో కాస్త చిక్కబడిన నీటిని గాలిమరలతో పైకి తోడి, పెద్ద పెనాల్లో బొగ్గు మంట మీద కాచేవారట. వందల ఏళ్లు సాగిన ఈ పని చెషైర్ గని ఉప్పు పోటీకి తట్టుకోలేక 1865లో ఆగిపోయింది. ఆ మడులే ఇప్పుడు పక్షుల నెలవు. చలికాలంలో రష్యా ఆర్కిటిక్ నుంచి బ్రెంట్ బాతులు వస్తాయి. మాకు కొంగలు, పైకి వంగిన ముక్కుతో ఎవొసెట్లు కనిపించాయి. “మన తేలినీలాపురానికీ ఇలాగే పక్షులు వస్తాయర్రా” అంటూ నాన్న మనవలకు కథ మొదలుపెట్టారు. కీహేవన్ వచ్చేదాకా ఆపలేదు.

వెళ్లాలనుకునేవారికి కొన్ని మాటలు. రైలులో అయితే బ్రాకెన్‌హర్స్ట్‌లో మారాలి. వేసవిలో కీహేవన్ నుంచి పడవ మీద ఎనిమిదో హెన్రీ కట్టించిన హర్స్ట్ కోటకు వెళ్లొచ్చు. పిల్లలు ఈదాలంటే 1833 నాటి సముద్రపు నీటి ఈతకొలను ఉంది. కట్ట దిగి బురదలోకి మాత్రం వెళ్లనివ్వకండి, కాళ్లు కూరుకుపోతాయి. న్యూ ఫారెస్ట్ గుర్రాలకు తిండి పెట్టడం నిషేధం. ఎండ ఉన్నా గాలి కోస్తుంది, జాకెట్లు మరవొద్దు.

తిరుగు ప్రయాణంలో కారులో నాన్నే అడిగారు: “మళ్లీ శనివారం ఎక్కడికిరా?”

అమ్మ పోయాక ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.