'అన్‌లిమిటెడ్' అంటే నెలకి ఎన్ని సినిమాలు? పోస్టులో వచ్చిన డీవీడీలు నేర్పే లెక్క

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత సర్వీస్ గురించి మాట్లాడుకుందాం. నెలకి ఇంత అని కడితే సినిమా డీవీడీలు ఇంటికి అద్దెకి పంపే సర్వీస్. "అన్నా, అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, ఇప్పుడు ఆ డిస్కుల గోల మాకెందుకు?" అంటారేమో. మీ అకౌంట్‌లోంచి నెలనెలా ఓటీటీకి డబ్బులు కట్ అవుతున్నాయి కదా, అవి గిట్టుబాటు అవుతున్నాయో లేదో చూసుకునే లెక్క ఈ డిస్కుల దగ్గర చాలా క్లియర్‌గా కనిపిస్తుంది. అందుకే.

ముందు అది ఎలా నడిచేదో చూద్దాం. నెట్‌ఫ్లిక్స్ అమెరికాలో 1998లో మొదలైంది పోస్టులో డీవీడీలు పంపడంతోనే. 1999లో నెలవారీ ప్లాన్ తెచ్చారు. మీరు వెబ్‌సైట్‌లో చూడాలనుకున్న సినిమాల లిస్ట్ పెట్టుకుంటారు. లిస్ట్‌లో పైన ఉన్న డిస్క్ కవర్‌లో ఇంటికి వస్తుంది. చూశాక, ముందే స్టాంపు ఖర్చు కట్టేసిన కవర్‌లో పెట్టి పోస్ట్ డబ్బాలో వేస్తే చాలు. అది వాళ్లకి చేరగానే తర్వాతి డిస్క్ బయలుదేరుతుంది. లేట్ ఫీజు లేదు, ఎన్ని రోజులైనా ఉంచుకోవచ్చు. ఒకేసారి మీ దగ్గర ఎన్ని డిస్కులు ఉండొచ్చు అన్నదొక్కటే లిమిట్.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక్క డిస్క్ ప్లాన్ తీసుకున్నారు అనుకోండి. రావడానికి 2 రోజులు, చూడటానికి 1 రోజు, తిరిగి వెళ్లడానికి 2 రోజులు. మొత్తం 5 రోజులు. 30ని 5తో భాగిస్తే 6. అంటే పేరుకి అన్‌లిమిటెడ్, చేతికొచ్చేది నెలకి 6 సినిమాలు. అదే డిస్క్ మీ టీవీ పక్కన 10 రోజులు పడి ఉంటే? 2, 10, 2 కలిపి 14 రోజులు. నెలకి రెండే సినిమాలు. కట్టే డబ్బు మాత్రం అంతే. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లేటెన్సీ పెరిగితే త్రూపుట్ పడిపోయింది.

కంపెనీ వైపు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది. ప్రతి డిస్క్‌కీ రానూ పోనూ పోస్టేజ్ వాళ్లదే. చకచకా చూసి తిప్పి పంపేవాడు ఖర్చు. డబ్బు కట్టి చూడటం మర్చిపోయేవాడు లాభం. ఎక్కువ చూసేవాళ్లకి డిస్కులు కావాలనే ఆలస్యంగా పంపుతున్నారని 2004లో నెట్‌ఫ్లిక్స్ మీద కేసు కూడా పడింది. తక్కువ అద్దెకి తీసుకునేవాళ్లకే ముందు ప్రాధాన్యం అని తర్వాత కంపెనీ తన షరతుల్లోనే రాసుకుంది. 2023 సెప్టెంబర్ 29న చివరి డిస్కులు పంపే నాటికి మొత్తం 520 కోట్లకి పైగా డిస్కులు పంపింది. అంటే లెక్క వాళ్లకి బాగానే తెలుసు.

మరి మన దగ్గర? ఇదే మోడల్ హైదరాబాద్‌కి కూడా వచ్చింది. బెంగళూరులో పుట్టిన సెవెంటీఎంఎం, 2008లో రిలయన్స్ తెచ్చిన బిగ్‌ఫ్లిక్స్. ఇక్కడ పోస్ట్ డబ్బా బదులు మనిషే ఇంటికొచ్చి డిస్క్ ఇచ్చి, పాతది పట్టుకెళ్లేవాడు. వినడానికి ఇంకా హాయిగా ఉంది కదా? కానీ మాదాపూర్, కొండాపూర్ సైడ్ ఊహించుకోండి. పొద్దున క్యాబ్ ఎక్కితే రాత్రి గానీ రూమ్‌కి రాము. నైట్ షిఫ్ట్ అయితే పగలంతా నిద్ర. మనిషి వచ్చేసరికి రూమ్‌కి తాళం. తాళం పడిన ప్రతిసారీ ఆ 5 రోజులు 6 అవుతాయి, 7 అవుతాయి.

పైగా ఇంకో దెబ్బ. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టింది. మాటవరసకి అద్దె ప్లాన్ నెలకి 300 అనుకుందాం. రెండు సినిమాలు చూస్తే ఒక్కోటి 150. కష్టపడి ఆరు చూసినా ఒక్కోటి 50. పక్క షాపులో 34కి డిస్క్ సొంతంగా వస్తుంటే అద్దెకి ఎవరు తీసుకుంటారు? షాపులో దొరకని సినిమాలు కావాల్సినవాళ్లకి తప్ప గిట్టుబాటు కాదు. వాళ్లకేమో ఫుట్‌పాత్ మీద పైరసీ డిస్కులు, రూమ్‌లో బ్రాడ్‌బ్యాండ్ ఉండనే ఉన్నాయి.

సరే, ఇక ఫోన్ దగ్గరికి వద్దాం. ఓటీటీలో పోస్ట్ లేదు, వెయిటింగ్ లేదు. ఇప్పుడు ఆలస్యం అంతా మన వైపే. టైమ్ లేకపోవడం, ఏది చూడాలో తేలక అరగంట స్క్రోల్ చేసి పడుకోవడం. డిస్క్ అయితే టీవీ పక్కన కనిపించి గుర్తుచేసేది. యాప్ అలా చేయదు, ఆటోపే చప్పుడు లేకుండా నడుస్తూనే ఉంటుంది.

అందుకే నేను ఒక నెల పాత డిస్కుల రూల్‌ని ఓటీటీ మీద ట్రై చేశా. నోట్స్‌లో 10 సినిమాల లిస్ట్. పైన ఉన్న ఒక్కటే చూడాలి. అది పూర్తయ్యాక రెండు రోజులు గ్యాప్, ఆ తర్వాతే రెండోది. మధ్యలో ఇంకేదీ ఓపెన్ చేయకూడదు. అంతకుముందు నెల వాచ్ హిస్టరీలో 2 సినిమాలున్నాయి, ఈ నెల 5 అయ్యాయి. రెండు యాప్‌లకి కలిపి 400 కడుతున్నా. అంటే సినిమాకి 200 నుంచి 80కి వచ్చింది. ఇంకో సంగతి, నా లిస్ట్‌లో ఒక్క సినిమా కూడా లేని మూడో యాప్ ఒకటి బయటపడింది. అది ఆపేశా.

మీరూ చేయొచ్చు. యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్ ఓపెన్ చేయండి, ఏవేవి నడుస్తున్నాయో అక్కడ కనిపిస్తాయి. అక్కడే ఆపేయొచ్చు కూడా. కార్డు మీద పెట్టుకుంటే, రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం 2021 అక్టోబర్ నుంచి డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ని ప్రమోషన్ అనుకుని స్వైప్ చేసేయకండి. అది వచ్చిన రోజు వాచ్ హిస్టరీ తీసి, ఆ నెల పూర్తిగా చూసినవి ఎన్నో లెక్కపెట్టి, కట్టిన డబ్బుని ఆ నంబర్‌తో భాగించండి. అదే సినిమాని విడిగా అద్దెకి తీసుకుంటే ఎంతవుతుందో పక్కన పెట్టి చూడండి. మీ లెక్కే ఎక్కువ వస్తే ఒక నెల ఆపేయండి. చూడాలనిపించిన నెల మళ్లీ కట్టుకోవచ్చు.