ఉబ్బెత్తు పలక (వడ్రంగం)

ఉబ్బెత్తు పలక అనగా బీరువా, అలమర తలుపుల చట్రంలో అమర్చే చెక్క పలక. దీని నడిమి భాగం ఎత్తుగా ఉండి, నాలుగు అంచులు వాలుగా పలుచబడి ఉంటాయి. ఈ వాలు అందానికి మాత్రమే కాదు. మందమైన పలకను సన్నని గాడిలో ఇమడ్చడానికి ఉపయోగపడుతుంది.

అవసరం

చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరినపుడు కుదించుకుపోతుంది. ఈ మార్పు నారకు అడ్డంగా ఎక్కువ, నార వెంబడి అత్యల్పం. పచ్చి టేకు పూర్తిగా ఆరినపుడు వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వాటికి అడ్డంగా 2.5 శాతం కుదించుకుపోతుంది. 250 మి.మీ. వెడల్పు గల టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు దాదాపు 2 మి.మీ. మారగలదు.

విజయవాడలో మే నెల ఎండలు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతాయి. జూన్ నుండి నైఋతి ఋతుపవనాల వలన గాలిలో తేమ పెరుగుతుంది. అందువలన గవర్నర్‌పేట వంటి ప్రాంతాలలోని ఇళ్ళలో ఒకే తలుపు ఏటా ఈ రెండు స్థితులకూ లోనవుతుంది. పలకను చట్రానికి జిగురుతో అంటిస్తే ఎండాకాలంలో పలక చీలవచ్చు, వానాకాలంలో చట్రం కీళ్ళు విడవవచ్చు.

కలప

బాగా ఆరిన టేకు శ్రేష్ఠమైనది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి తేలికైనది, మెత్తనిది. తలుపులకు అనువైనది కాదు.

తయారీ

* చట్రపు పట్టీల లోపలి అంచున 6 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. లోతు గల గాడి తీస్తారు.
* చట్రం లోపలి వెడల్పు 234 మి.మీ. అయితే పలకను 254కు బదులు 250 మి.మీ.గా కోస్తారు. ఇరువైపులా 2 మి.మీ. ఖాళీ మిగులుతుంది.
* పలకను చిత్రిక పట్టి, వాలు మొదలయ్యే చోట గీత గీస్తారు.
* ముందుగా నారకు అడ్డంగా ఉన్న అంచులను, తరువాత నార వెంబడి ఉన్నవాటిని చెక్కుతారు. మొదటి కోతలో మూలల వద్ద లేచిన పెచ్చులు రెండవ కోతలో పోతాయి.
* బిగించడానికి ముందే పలకకు పాలిష్ వేస్తారు. లేనిచో పలక కుదించుకున్నపుడు రంగులేని అంచు బయటపడుతుంది.
* చట్రపు కీళ్ళకు మాత్రమే జిగురు పూసి, పలకను గాడిలో వదులుగా ఉంచుతారు.

జాగ్రత్తలు

రౌటర్ యంత్రంతో వాలు తీసేటపుడు పెద్ద బిట్టును తక్కువ వేగంతో తిప్పాలి. ఒకేసారి లోతుగా కాక, పలుమార్లు కొద్దికొద్దిగా కోయాలి. చిన్న పలకలను చేతితో కాక, తోపుడు చెక్కతో నెట్టాలి. లేనిచో వేళ్ళకు ప్రమాదం.