మీకు తెలుసా? రౌటర్‌లో 1492 అంకె ఎందుకుంది?

రౌటర్ వెనకున్న రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చి కాసేపు నొక్కితే చెరిగిపోయేది వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే కాదు. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ తరఫున వచ్చినవాళ్లు అందులో ఎక్కించిన, ఇంటర్నెట్‌కు లాగిన్ అయ్యే పీపీపీఓఈ పద్ధతి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. అందుకే వాటిని ముందే అడిగి, కరెంటు బిల్లుల పక్కనే కాగితం మీద రాసి పెట్టుకోండి. అవి లేకపోతే వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది గానీ ఇంటర్నెట్ మాత్రం రాదు.

ఈ పీపీపీఓఈ పద్ధతి వివరాలు 1999లో వెలువడ్డాయి. ఫోన్ లైను మీద డయల్ చేసి ఇంటర్నెట్‌కు ఎక్కే రోజుల్లోని లాగిన్ పద్ధతినే ఈథర్‌నెట్ తీగ మీదికి తెచ్చారు. దాని గుర్తు ఇప్పటికీ సెట్టింగుల్లో ఉంది. ఎంటీయూ అనే గడిలో 1492 కనిపిస్తుంది, చూడండి. ఈథర్‌నెట్ ఒక విడతలో మోయగలిగే సమాచారం మామూలుగా 1500 బైట్లు. అందులో 8 బైట్లు పీపీపీఓఈ తన గుర్తింపు చీటీకే వాడుకుంటుంది. మిగిలింది 1492. ఇది తప్పుగా ఉంటే కొన్ని సైట్లు తెరుచుకుని, మరికొన్ని సగంలో ఆగిపోతాయి. తప్పంతా సైటుదే అనిపించే ఈ చిక్కు నిజంగా విసిగిస్తుంది.

ఇలా పీపీపీఓఈ పాస్‌వర్డ్ అడగని కనెక్షన్లూ ఉన్నాయి. వాటికి ‘డైనమిక్ ఐపీ’ ఎంచుకుంటే చాలు, చిరునామా దానంతటదే వస్తుంది.

ఇవన్నీ మార్చే సెట్టింగుల పేజీ చాలా రౌటర్లలో 192.168తో మొదలయ్యే చిరునామాలో ఉంటుంది. 1996 నాటి ప్రమాణం ఇలాంటి 65,536 చిరునామాలను సొంత నెట్‌వర్కుల కోసమే కేటాయించింది. మీ ఇంట్లోనూ పక్కింట్లోనూ ఒకే చిరునామా ఉన్నా ఏ గొడవా లేదు.