కమాండు నడవలేదా? ముందు షెల్ చూడండి

సూర్యాపేట, నల్గొండ బస్సుల్లో వచ్చి ఎల్బీనగర్‌లో దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ చూసుకుని క్లౌడ్ కోర్సులో చేరే పిల్లల దగ్గర సాధారణంగా ఉండేది విండోస్ ల్యాప్‌టాప్. వాళ్లు ముందు పెట్టుకుని చదివే డాక్యుమెంటేషన్‌లో చాలా భాగం మాత్రం లినక్స్ టెర్మినల్ వాడేవాళ్లను ఉద్దేశించి రాసింది. ఈ సంగతి ముందే తెలియకపోతే అపోహలు పుడతాయి.

అపోహ: కంపెనీ వాళ్లే ఇచ్చిన కమాండు కాబట్టి కాపీ కొట్టి పేస్ట్ చేస్తే చాలు.

వాస్తవం: చాలదు. ఏడబ్ల్యూఎస్ సీఎల్‌ఐ రిఫరెన్సులోనే ఈ హెచ్చరిక ఉంది: ఉదాహరణల్లో కోట్స్ వాడకం యునిక్స్ పద్ధతిలో ఉంటుంది, మీ టెర్మినల్‌కు తగ్గట్టు మార్చుకోండి అని. అది చదివే ఓపిక ఎవరికి? పొడవాటి కమాండును కింది లైనుకు దించాలంటే లినక్స్ షెల్ అయిన బాష్‌లో బ్యాక్‌స్లాష్ పెట్టాలి, పవర్‌షెల్‌లో బ్యాక్‌టిక్, పాత కమాండ్ ప్రాంప్ట్‌లో క్యారెట్. జేసన్‌ను సింగిల్ కోట్స్‌లో ఇస్తే బాష్ మారుమాట్లాడదు. కమాండ్ ప్రాంప్ట్‌కు ఆ కోట్ ఒక మామూలు అక్షరం, అంతే. అన్నిటికంటే తికమక పెట్టేది కర్ల్. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఆ పేరు కొడితే నడిచేది అసలు కర్ల్ కాదు, ఇన్వోక్ వెబ్‌రిక్వెస్ట్ అనే వేరే కమాండు. అసలుది కావాలంటే పేరు చివర డాట్ ఈఎక్స్ఈ చేర్చాలి.

స్క్రిప్టు ఫైళ్లదీ ఇదే కథ. విండోస్ ఎడిటర్లు లైను చివర కంటికి కనిపించని ఒక అక్షరాన్ని అదనంగా పెట్టగలవు. ఆ ఫైలు లినక్స్ సర్వర్‌కు చేరాక ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు. వీఎస్ కోడ్ కింది పట్టీలో సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉన్నచోట ఎల్‌ఎఫ్‌గా మార్చి సేవ్ చేస్తే సరి.

అపోహ: మ్యాక్ కొంటే గొడవ ఉండదు.

వాస్తవం: తగ్గుతుంది, పోదు. 2019 నుంచి మ్యాక్ డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్. దాంతోపాటు వచ్చే బాష్ 2006లో విడుదలైన 3.2 వరసలోదే. సెడ్, డేట్ కమాండ్ల ఆప్షన్లు కూడా లినక్స్‌లో ఉన్నట్టు ఉండవు. ఇందుకోసం ఇంట్లోవాళ్ల చేత అప్పు చేయించనక్కర్లేదు.

అపోహ: అజూర్ విండోస్‌వాళ్లది, పవర్‌షెల్ కూడా అంతే.

వాస్తవం: 2016 ఆగస్టులో పవర్‌షెల్ ఓపెన్ సోర్స్ అయి లినక్స్‌కు, మ్యాక్‌కు వచ్చింది. అజూర్ సీఎల్‌ఐని పైథాన్‌లో రాశారు, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది పాత నోట్సుతో. జిరాక్స్ కాగితాల్లో అజూర్‌ఆర్‌ఎమ్ అనే పాత పవర్‌షెల్ మాడ్యూల్ కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఆ మాడ్యూల్‌కు 2024 ఫిబ్రవరి 29తో కాలం చెల్లింది.

అపోహ: విండోస్ పీకేసి ఉబుంటు వేస్తేనే డెవాప్స్ వస్తుంది.

వాస్తవం: టెర్రాఫామ్ విండోస్‌లో నేరుగా నడుస్తుంది. నిజంగా అడ్డు తగిలేది యాన్సిబుల్. దాన్ని నడిపించే కంట్రోల్ మెషీన్‌గా విండోస్ పనికిరాదు. అయినా నేర్చుకోవడానికి విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుంటే సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌కు అదీ బరువే అనిపిస్తే బ్రౌజర్‌లో క్లౌడ్‌షెల్ తెరవండి. ఏడబ్ల్యూఎస్ 2020 డిసెంబరు నుంచి ఇస్తోంది. అజూర్, గూగుల్ కూడా ఇస్తున్నాయి.

నేర్పే సార్లకు ఒక విన్నపం. బోర్డు మీద కమాండు రాసేముందు దాని నెత్తిన బాష్ అనో, పవర్‌షెల్ అనో ఒక్క మాట రాయండి.