మోపెడ్‌కు ఆయిల్ ఎక్కడ పోయాలి?

పాల క్యాన్లు, ఎరువు బస్తా, గడ్డిమోపు... ఏది మోయాలన్నా చిన్న రైతుకు మోపెడే దిక్కు. అయితే ఆయిల్ విషయంలో పాత బండి దారి వేరు, కొత్త బండి దారి వేరు.

లూనా, టీవీఎస్ 50 వంటి పాతవి టూ స్ట్రోక్ బండ్లు. పెట్రోలులో కలిపిన ఆయిలే వీటి పిస్టన్‌ను కాపాడుతుంది. ఉత్త పెట్రోలుతో నడిపితే వేడెక్కి ఇంజన్ పట్టేస్తుంది. కంపెనీ చెప్పిన కొలతలో ఆయిల్ పోసి, బండిని అటూ ఇటూ ఊపాలి.

2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్ బండి. దీని ఆయిల్ ఇంజన్‌లో విడిగా ఉంటుంది. పెట్రోలులో కలిపితే డబ్బు దండగ, పైగా ప్లగ్గుకు మసి. ఇంజన్ ఆయిల్ మట్టం మాత్రం తరచూ చూసుకోవాలి, గడువుకు మార్పించాలి.

పాత బండి కొనేవారు అది ఏ రకమో ముందే అడగండి. కోతల రోజుల్లో బండి మూలపడితే నష్టం మనకే!