వంగిన నడుముకు కులం ఉంది

మా అమ్మ పాతికేళ్లుగా మునిసిపాలిటీలో వీధులు ఊడుస్తోంది. ఒక వేకువన చీపురు పట్టి వంగినది మళ్లీ లేవలేకపోయింది. నడుము కండరాలు బిగుసుకుపోయాయి. ఆస్పత్రిలో వైద్యుడు మాత్రలు రాసి, వంగొద్దని, బరువులు ఎత్తొద్దని, విశ్రాంతి తీసుకోవాలని చెప్పారు. ఏం పని చేస్తావమ్మా అని మాత్రం అడగలేదు. కాంట్రాక్టు కార్మికురాలికి విశ్రాంతి అంటే కూలి కోత. మూడో రోజే అమ్మ మళ్లీ చీపురు పట్టింది.

రోగిని వృత్తి ఏమిటో అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే తన గ్రంథంలో సూచించాడు. నడుము నొప్పికి కారణాలు అనేకం. డిస్కు జారడం, మూత్రపిండాల్లో రాళ్లు, వెన్నెముకకు సోకే క్షయ కూడా కావచ్చు. కాళ్లు బలహీనపడినా, మూత్రంపై అదుపు తప్పినా క్షణం ఆలస్యం చేయరాదు. అయితే పొట్టి చీపురుతో గంటల తరబడి వంగి, ఒకే వైపు తిరుగుతూ ఊడ్చేవారి వెన్నుపూసల మధ్య డిస్కులపై ఒత్తిడి పెరుగుతుంది. అలసిన కండరాలు నొప్పి ఉన్న చోట బిగుసుకుంటాయి. దారిలో మరుగుదొడ్డి లేక స్త్రీలు నీళ్లు తాగడమే తగ్గిస్తారు. ఎండలో ఆ శరీరం మరింత అలసిపోతుంది.

ఆ వంగే పని ఎవరి వంతుకు వచ్చింది? చేతులతో మలం ఎత్తేవారిలో కులం వివరాలు తెలిసిన 43,797 మందిలో 42,594 మంది ఎస్సీలేనని 2021లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. వీధులు ఊడ్చే చీపురు కూడా ఆ వాడల నుంచే ఎక్కువగా వస్తుంది. పుట్టుక పనిని నిర్ణయిస్తే, పని నొప్పిని నిర్ణయిస్తోంది. దానిని వయసు మీద, బలహీనత మీద నెట్టడం కులాన్ని దాచడమే.

పనిముట్టు మారితే నొప్పి తగ్గుతుందని లోకానికి తెలుసు. అమెరికాలోని కాలిఫోర్నియా తోటల్లో ప్రధానంగా మెక్సికన్ కూలీల నడుములు విరిచిన పొట్టి పిడి పారను, కార్మికుల న్యాయపోరాటం తర్వాత 1975లో నిషేధించారు. మరి మన వీధుల్లో పొడవు కర్ర చీపురు, తేలికగా కదిలే చెత్తబండి, దారిపొడవునా మరుగుదొడ్లు, వేతనంతో కూడిన వైద్య సెలవు ఎందుకు అసాధ్యం? వంగినవారు ఎవరో తెలుసు కనుకనే తొందర లేదు.

ఈసారి ఆస్పత్రి చీటీలో పేరు, వయసుతో పాటు అమ్మ చేసే పని కూడా రాయమని నేనే అడుగుతాను.