తిర్మిజ్ దారిలో ఒక రాత్రి

హదీసు పాఠం ఆరంభించే ముందు గ్రంథకర్త పేరును గౌరవంతో స్మరించడం మన మదర్సాల సంప్రదాయం. ఇమామ్ బుఖారీ (రహ్మ), ఇమామ్ తిర్మిజీ (రహ్మ), ఫిఖ్హ్‌లో ‘హిదాయా’ రచించిన మర్గీనానీ (రహ్మ), అఖీదాలో నసఫీ (రహ్మ), మాతురీదీ (రహ్మ). పాతికేళ్లకు పైగా ఈ పేర్లను నేను విద్యార్థుల ముందు పలుకుతూ వచ్చాను. ఇవన్నీ ఊళ్ల పేర్లే. బుఖారాకు చెందినవారు బుఖారీ, తిర్మిజ్‌కు చెందినవారు తిర్మిజీ. ఆ ఊళ్లలో ఇప్పటికీ మనుషులు రొట్టెలు కాలుస్తున్నారనీ, బస్సుల కోసం ఎదురుచూస్తున్నారనీ నాకెన్నడూ తోచలేదు.

2019 శరదృతువులో ఆ ఊళ్లను చూసే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించాడు. కూడబెట్టుకున్న సొమ్ము స్వల్పం. ట్రావెల్ ఏజెంటు చూపిన ప్యాకేజీ నా శక్తికి మించినది. అందుచేత ఒక విద్యార్థి వద్ద వీపు సంచి అడిగి తీసుకుని, రెండు జతల బట్టలు, ఒక జానమాజ్, ఒక లోటా అందులో సర్దుకుని ఒంటరిగా బయలుదేరాను. ఢిల్లీ నుండి తాష్కెంట్ వరకే విమానం. ఆ తరువాతి ఉజ్బెకిస్తాన్ ప్రయాణమంతా నేల మీదనే సాగింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. బయలుదేరేటప్పుడు నా మనసులో భక్తి ఎంత ఉన్నదో, జాలి కూడా అంతే ఉన్నది. డెబ్బై ఏళ్ల సోవియట్ పాలనలో అక్కడి మస్జిదులు గోదాములయ్యాయి, మదర్సాలు మూతపడ్డాయి. అరబీ లిపి స్థానంలో 1920ల చివర లాటిన్ లిపి, 1940లో రష్యన్ లిపి వచ్చాయి. తాత వ్రాసిన ఉత్తరాన్ని మనవడు చదవలేని స్థితి ఏర్పడింది. అటువంటి జనంలో దీన్ ఏపాటి మిగిలి ఉంటుంది, ఎదురైనవారికి నాలుగు మాటలు నేర్పి వద్దాము అనుకున్నాను. ఉపాధ్యాయునికి ఉండే వ్యాధి ఇది.

తాష్కెంట్‌లో హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలానిదిగా అక్కడివారు భావించే ప్రాచీన ఖుర్ఆన్ ప్రతిని దర్శించుకుని, మామూలు రైలులో సమర్ఖంద్ చేరాను. అక్కడి రిగిస్తాన్ మైదానాన్ని గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. మూడు వైపుల మూడు మదర్సాలు. వాటిలో మొదటిది ఉలూగ్ బేగ్ కట్టించినది, 1420లో పూర్తయింది. నేను ఆ నీలి గుమ్మటాలకన్నా గోడల్లోని చిన్న చిన్న విద్యార్థి గదుల ముందు ఎక్కువసేపు నిలబడ్డాను. మా మదర్సా గదులకన్నా అవి పెద్దవేమీ కావు. ఇప్పుడు వాటిలో శాలువలు, పింగాణీ పళ్లేలు అమ్ముతున్నారు.

నగరానికి కొద్ది దూరంలోని ఖర్తంక్ గ్రామంలో ఇమామ్ బుఖారీ (రహ్మ) సమాధి ఉంది. క్రీ.శ. 870లో ఆయన అక్కడే కన్నుమూశారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయనను తల్లి పెంచింది. చిన్నతనంలో చూపు పోతే ఆమె రాత్రులు దుఆ చేసి తిరిగి సంపాదించిందని చరిత్రకారులు వ్రాశారు. పదహారో ఏట ఆయన మొదటి దూరప్రయాణం తల్లితో, అన్నతో కలిసి చేసిన హజ్ యాత్రే. ఏటా మొదటి పాఠంలో ఈ విషయాన్ని నేను రెండు వాక్యాలలో చెప్పి ముందుకు సాగిపోయేవాడిని.

భాష విషయం కొంత చెప్పాలి. సమర్ఖంద్, బుఖారాలలో చాలామంది ఇళ్లలో మాట్లాడేది పార్శీకి సోదర భాష అయిన తాజిక్. మదర్సాలో చదివిన నా పుస్తకాల పార్శీ వారికి అర్థమయ్యేది, నవ్వూ తెప్పించేది. అయితే దస్తర్‌ఖాన్, మెహమాన్, కితాబ్, బజారు, దుకాణం వంటివన్నీ మన ఇంటి మాటలే. కృతజ్ఞత తెలపడానికి ‘రహ్మత్’ అంటారు. పప్పులో కాలేసింది ‘సబ్జీ’ దగ్గర. కూరగాయలు ఉంటాయని అడిగితే పళ్లెం నిండా క్యారెట్లు తెచ్చిపెట్టారు. అక్కడ ఆ మాటకు అర్థం అదేనట!

బుఖారాలో మూడు రోజులు గడిపాను. 1127లో కట్టిన కల్యాన్ మినారు ఎదుటనే మీరె అరబ్ మదర్సా ఉంది. సోవియట్ కాలంలో దీర్ఘకాలం మూతపడి, 1940ల నడుమ పరిమితంగా తెరవనిచ్చిన విద్యాలయమది. అంత విశాల దేశానికి ఎన్నో ఏళ్లపాటు ఇమాములను తయారుచేసే చోటు దాదాపు అదొక్కటే. మరి పల్లెల్లో పిల్లలకు కలిమా ఎవరు నేర్పారు? ఈ ప్రశ్న నాకు బుఖారాలో పుట్టింది, దారిలో జవాబు దొరికింది.

బుఖారా నుండి కర్షీకి వెళ్లాను. పూర్వపు నసఫ్ నగరం అదే. అక్కడి నుండి తిర్మిజ్‌కు షేర్ టాక్సీ ఎక్కాను. నలుగురు ప్రయాణికులు నిండితేనే కారు కదులుతుంది. గ్యాస్ నింపే చోట అందరూ దిగి దూరంగా నిలబడాలి. ఎంత చలిగాలి వీచినా తప్పదు. దారి బైసూన్ కొండల నడుమ సాగుతుంది. నేల ఎర్రగా, గడ్డి ఎండిపోయి, అక్కడక్కడ గొర్రెల మందలు. అసర్ దాటాక ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. మిగిలిన ముగ్గురు వేరే వాహనాలెక్కి వెళ్లిపోయారు. డ్రైవరు నా వీపు సంచిని తన భుజాన వేసుకుని, “మెహమాన్, దగ్గరలోనే మా పెద్దమ్మ ఇల్లు ఉంది” అన్నాడు.

మట్టి గోడల ఇల్లు, ముంగిట తందూరు, ద్రాక్ష పందిరి. డ్రైవరు పెద్దమ్మకు ఎనభై ఏళ్లుంటాయి. తెల్లని పెద్ద ఓణీ తలనిండా కప్పుకుని, కొడుకు, కోడలు, మనవల నడుమ దస్తర్‌ఖాన్‌కు అవతల కూర్చున్నారు. కోడలు పింగాణీ గిన్నెలో పచ్చ టీ సగమే పోసి ఇచ్చింది. నిండా పోస్తే త్వరగా తాగి వెళ్లమని అర్థమట. మళ్లీ మళ్లీ పోస్తూ ఉంటేనే అతిథికి మర్యాద. వారి రొట్టెను ఎన్నడూ బోర్లా పెట్టరు. రొట్టె విషయంలో మా ఇళ్లలోనూ ఇటువంటి పట్టింపులే.

నేను హదీసు బోధిస్తానని తెలిసి ఆమె చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత తన కథ చెప్పారు. ఆమె నానమ్మ ‘ఒతిన్ ఆయి’. అంటే ఇంటింటా ఆడవారికి, పిల్లలకు దీన్ నేర్పే స్త్రీ. ఆ రోజుల్లో అది నేరం. ఆమె తందూరు దగ్గర రొట్టెలు కాలుస్తూ, ముందు కూర్చున్న మనవరాలికి ఒక్కొక్క ఆయతును వల్లె వేయించేది. ఖుర్ఆన్ భాగాలున్న ‘హఫ్తియక్’ కాగితాలు పిండి తొట్టిలో ఉండేవి. వాకిట అడుగుల చప్పుడైతే పిండి జల్లెడ పట్టే పని మొదలయ్యేది. రమజాన్‌లో బడి పంతులు పిల్లలను వరుసలో నిలబెట్టి తలా ఒక గుక్క నీళ్లు తాగించేవాడు. ఉపవాసం ఉన్న పిల్లలను పట్టుకునే ఉపాయమది. “నేను ఇంటికొచ్చి ఏడిస్తే నానమ్మ, నీది చెడలేదు, నీచేత బలవంతాన తాగించారు, సాయంత్రం దాకా ఆగు అనేది” అన్నారు. అక్షరాలు చూడకుండా చెవితోనే నేర్చారు. అరబీ అక్షరాలు దిద్దినది 1991లో స్వాతంత్ర్యం వచ్చాక, యాభై దాటిన వయసులో.

“ఉస్తాద్, నానమ్మ పోయాక నా పారాయణం విని తప్పు చెప్పినవారు లేరు. మీరు వింటారా?” అని అడిగారు.

సూరె ముల్క్ చదివారు. ముప్ఫై ఆయతులు, ఎక్కడా ఆగలేదు. నా చెవి అలవాటు చొప్పున తప్పులు వెదికింది. ‘హా’ అక్షరం గొంతు నడుమ నుండి రావలసింది పైనుండి వస్తోంది. మిగతా అంతా సరిగా ఉంది. చెప్పనా, మాననా అని తటపటాయించాను. అడిగారు గనుక చెప్పాను. ఎనభై ఏళ్ల ఆ తల్లి చిన్నపిల్లలా ఆ ఒక్క అక్షరాన్నే పదిహేను, ఇరవై సార్లు పలికారు. సరిగా వచ్చాక మనవరాలిని దగ్గరకు పిలిచి, ఆ పిల్ల చేత కూడా పలికించారు. పిండి తొట్టి కథ విని నేను పెట్టిన కన్నీరు ఆగింది గాని, ఇది చూశాక మళ్లీ వచ్చింది.

తరువాత ఆమె, “మీకు మొదటి ఫాతిహా ఎవరు నేర్పారు?” అన్నారు.

నేను ఉత్సాహంగా నా సనద్ ఆరంభించాను. నా ఉస్తాద్, ఆయన ఉస్తాద్, ఆపై ఆయన గురువు. ఆమె ఓపికగా విని, “వారికంటే ముందు?” అన్నారు.

“మా అమ్మీ,” అన్నాను. మా పల్లెలో, కట్టెల పొయ్యి ముందు, ఎసరు మరుగుతుండగా. ఆ మాట నేను నా విద్యార్థులకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

“ఆమె పేరు?”

చెప్పాను. ఆమె చేతులెత్తారు. ఇంట్లో అందరూ ఎత్తారు. తన నానమ్మ పేరు, మా అమ్మీ పేరు పక్కపక్కన పలికి దుఆ చేశారు. మా అమ్మీ మరణించి అప్పటికి పదకొండేళ్లు. తన జిల్లా దాటి ఎరుగని మనిషి.

తెల్లవారి ఫజర్ తరువాత కారు బాగుపడింది. షేరాబాద్ దగ్గరున్న ఇమామ్ తిర్మిజీ (రహ్మ) సమాధికి మధ్యాహ్నంలోగా చేరుస్తానని డ్రైవరు తొందరపెట్టాడు. పెద్దమ్మ వేడి రొట్టె తెచ్చి నాచేత ఒక ముక్క కొరికించి, మిగతాది గుడ్డలో చుట్టి గోడ మేకుకు తగిలించారు. బయటి ఊరికి పోయే కొడుకులకు అక్కడ అలా చేస్తారట. తిరిగివచ్చి మిగిలిన రొట్టె తినాలి. సైన్యానికి పోయిన తన చిన్నకొడుకు రొట్టె రెండేళ్లు అదే మేకుకు ఉన్నదని, వాడు వచ్చి నీళ్లలో నానబెట్టుకుని తిన్నాడని చెప్పారు.